పొట్టు కట్టెలు

మార్చి 6

అమ్మాయీ,

చేరాను. నువ్వూ మా అబ్బాయీ బాగున్నారా అని అడగాలిగానీ, నేను బయల్దేరి ఇంకా వారమైనా కాలేదు, ఇంతలో ఏం మునిగిపోతుంది.

బస్సు దిగేసరికి మా తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. "నీ మరదలికి చెయ్యి విరిగింది, పదిరోజులు వచ్చి వండిపెట్టక్కా" అని పిలిచాడా, తీరా వచ్చి చూస్తే ఆవిడ ఒంటిచేత్తో నాకంటే బాగా వండుతోంది. అసలు జబ్బు వంటింట్లో లేదు, వాడి వేరుశనగ మిల్లు వెనక ఉంది.

కొండ. వేరుశనగ కాయలు కొట్టి పప్పు తీయగా మిగిలిన పొట్టు. మిల్లు కప్పుకంటే ఎత్తుగా పేరుకుంది. ఇన్నాళ్ళూ అక్కడే తగలబెట్టేవాడు. ఆ పొగ పక్కనున్న బడి కిటికీల్లోకి పోయి పిల్లలు దగ్గుతున్నారని మునిసిపాలిటీ వాళ్ళు వచ్చారట. ఇకమీద నిప్పు పెడితే మిల్లుకు తాళం వేస్తామనీ, వానలు పడేలోగా కుప్ప తీసెయ్యమనీ చెప్పి వెళ్ళారు. తీసి ఎక్కడ పోస్తాడు పాపం? ఒకరి పెరటి చెత్త ఇంకొకరికి పూలతోట అవుతుందా?

షెడ్డు మూలన గోనెపట్టా కప్పి ఒక యంత్రం కనబడింది.

"ఏమిట్రా ఇది?"

"పొట్టును అదిమి కట్టెలు చేసే ప్రెస్సు అక్కా. మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి చవగ్గా వస్తే కొన్నాను. పని చెయ్యదు."

"చేయించి చూశావా?"

గోనెపట్టా మళ్ళీ కప్పేశాడు. వాడు చిన్నప్పుడూ అంతే, కొత్త పలక కొనిపించుకుని దాచిపెట్టేవాడు.

మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. అందరూ సుత్తి అంటారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని ఆ పేరు పెట్టారో, మొదలుపెడితే ఆపకుండా చెబుతాడని పెట్టారో తెలియదు. ఆయన చెప్పాడు: "జిగురూ గిగురూ ఏమీ అక్కర్లేదమ్మా. పొట్టు పొడి చేసి పోస్తాం. లోపల రోకలిలాంటిది గుద్దుతుంది. ఆ గుద్దుడికి వేడెక్కి, పొట్టులో ఉన్న జిగటే కరిగి దానంతట అదే అంటుకుంటుంది." నాకు నవ్వొచ్చింది. ఊకదంపుడు అంటే పనికిమాలిన కబుర్లు అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ!

హాస్టలు వంటశాలలో జీవితమంతా పొయ్యిల ముందు నిలబడ్డదాన్ని. కట్టె సంగతి నాకు కొత్త కాదు. కాస్త చూసి వస్తాను. ఆలస్యమైతే కంగారుపడకు.

మీ అత్త

*

మార్చి 15

అత్తయ్యకు, కోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

కంగారుపడవద్దన్నారు. అదొక్కటే నా చేతిలో లేని పని. పదిరోజులన్నారు, ఇప్పుడు 'కాస్త చూసి' అంటున్నారు. మీ మాటల్లో 'కాస్త' అంటే ఎంతో నాకు తెలుసు.

ఎదురింటావిడ నిన్న వాకిట్లోనే పట్టుకుంది. "అత్తగారు అలిగి వెళ్ళారటగా?"

"లేదండీ, తమ్ముడింట్లో పనుండి వెళ్ళారు."

"ఆ వయసులో పనేమిటమ్మా! ఏమోలే, నిప్పు లేనిదే పొగ రాదంటారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని ఊరికే అన్నారా."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. మీ అబ్బాయికి చెబితే, "బస్సులో రోజుకు వందమంది ఇంతకంటే ఘోరంగా మాట్లాడతారు, టిక్కెట్టు కొట్టి వదిలెయ్" అన్నారు. కండక్టరుకు పెళ్ళాన్నయితే మాత్రం నా దగ్గర టిక్కెట్లు లేవు కదా.

లాండ్రీలో పని మామూలే. హోటలు దుప్పట్లు, ఆస్పత్రి బట్టలు. ఆవిరి రోలరు మధ్యలోంచి దుప్పటి తీస్తూ మీరిప్పుడేం చేస్తూ ఉంటారా అనుకుంటాను. బాయిలరుకు వస్తున్న కట్టెలు పచ్చివని దాన్ని మండించే పెద్దాయన సణుగుతున్నాడు, యజమాని ఆయన మీద సణుగుతున్నాడు, ఆవిరి మా మీద సణుగుతోంది.

ఇక్కడ మీకేం కష్టం అత్తయ్యా? ఉద్యోగం మానేశాక గిన్నె కూడా కదపనివ్వలేదు నేను. హాయిగా కూర్చోవలసిన సమయంలో ఆ దుమ్ములో ఏమిటి? వచ్చేయండి.

మీ కోడలు

*

మార్చి 27

అమ్మాయీ,

సుత్తి ప్రెస్సుని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించాడు. బిగించాక రెండు బోల్టులు మిగిలాయి. "అవి ముందునుంచే ఎక్కువ" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని స్విచ్చి వెయ్యమన్నాను.

మొదట బయటికొచ్చింది కట్టె కాదు, చప్పుడు. పొట్టులో తేమ ఉందట. అది లోపల ఆవిరై టపాసులా పేలింది. కట్టె ముక్కలై ఎగిరింది, సుత్తి వెల్లకిలా పొట్టుకుప్పలో పడ్డాడు. మా తమ్ముడు "చెప్పానా" అన్నాడు. ఏదైనా పాడయితే చాలు, వాడికి ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది.

ఆరబెట్టాం. కాయ కొట్టే ఆడవాళ్ళు ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి పొట్టు తిరగేశారు. పిడికిట్లో నలిపితే గలగలమనేదాకా ఎండనిచ్చి మళ్ళీ పోశాం. ఈసారి వచ్చింది. మణికట్టుకంటే లావుగా, గుండ్రంగా, గోధుమరంగులో, పగుల్లేకుండా ఒకటే పొడుగున జారుకుంటూ వచ్చింది. వేయించిన వేరుశనగ వాసన. అందరం చుట్టూ చేరి, పురిటిబిడ్డను చూసినట్టు చూశాం. 'బ్రికెట్లు' అనాలట వీటిని. నా నోరు తిరగలేదు. పొట్టు కట్టెలు అన్నాను, మిల్లులో అందరూ అదే అంటున్నారు.

మీ పెద్దాయన పచ్చి కట్టెలతో బాధపడుతున్నాడన్నావుగా. అటు వచ్చే లారీలో రెండు బస్తాలు వేయిస్తున్నాను. బాయిలర్లో వేయించి ఎలా కాలాయో రాయి. ఫోను చెయ్యకు. ఇక్కడ ఫోను మిల్లు ఆఫీసులో ఉంది, నేను "హలో" అంటే తూకం వేసేవాడు త్రాసు వదిలేసి వింటాడు.

మీ అత్త

*

ఏప్రిల్ 9

అత్తయ్యకు,

ఎలా రాయాలో తెలియక రెండు కాయితాలు చించేశాను.

బస్తాలు అందాయి. నేనే దగ్గరుండి బాయిలరు గదికి మోయించాను. తోటి ఇస్త్రీవాళ్ళు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మొదట బాగా అంటుకున్నాయి. పెద్దాయన, "మంట చక్కగా ఉందమ్మాయ్, పొగ లేదు" అన్నాడు. నాకు ఎంత గర్వమనిపించిందో. మధ్యాహ్నమయ్యేసరికి ఆవిరి పడిపోయింది. తలుపు తీసి చూస్తే ఇనప జాలీ నిండా చిట్టెం. కరిగి, పాకంలా కారి, గడ్డకట్టి జాలీ కన్నాలన్నీ మూసేసింది. గాలి ఆడక మంట చచ్చిపోయింది. పెద్దాయన గడ్డపారతో పొడిచి పొడిచి తీశాడు. చెమటలో తడిసిపోయాడు పాపం, ఒక్క మాట అనలేదు.

అన్నది యజమాని. "కట్టెలు తెస్తానని మట్టి తెచ్చావేమిటమ్మా?" అందరి ముందూ. దుప్పట్లు తడిగా ఆగిపోయాయి, హోటలువాళ్ళు మనిషిని పంపారు.

చాలు అత్తయ్యా. మీరు చేయగలిగిందంతా చేశారు. ఈ వయసులో ఇంత శ్రమ ఎవరి కోసం? వచ్చేయండి. మీ అబ్బాయి కూడా పైకి అనరుగానీ, అన్నం తింటూ తింటూ తలుపు వైపు చూస్తారు. సెలవు పెట్టి నేను రానా తీసుకురావడానికి? ఎప్పుడొస్తారో ఒక్క మాట రాయండి, బస్టాండుకు వస్తాము.

మీ కోడలు

*

ఏప్రిల్ 16

అమ్మాయీ,

నీ ఉత్తరంలో సగం చిట్టెం, సగం వచ్చేయమని. రెండో సగం రాయడానికి మొదటి సగం బాగా పనికొచ్చినట్టుంది నీకు.

కోపంతోనే రాస్తున్నాను, దాచను. నా కట్టె ఆరిపోతే నేను బుద్ధిగా ఇంటికొచ్చి కూర్చుంటానని అనుకున్నావా? ఆ ఆరిపోయిన మంట చూసి నీకు లోపల ఎక్కడో నిశ్చింతగా అనిపించలేదు గదా? లేదంటే నమ్ముతాను. కానీ అడక్కుండా ఉండలేకపోయాను.

మీ యజమాని మట్టి అన్నాడు చూడు, ఆ మాట మాత్రం పట్టుకుని కూర్చున్నాను. కూర్చోలేదులే, కాలుకాలిన పిల్లిలా మిల్లంతా తిరిగాను. వేరుశనగ నేలలో కాసే కాయ. పీకినప్పుడు మట్టితోనే వస్తుంది. ఎండాక రాలిపోయిందనుకుంటాం, డొల్ల గీతల్లో ఉండనే ఉంటుంది. ఆ ఇసుకా మట్టే మీ జాలీ మీద కరిగి చిట్టెం అయింది. ప్రెస్సులో కట్టెకు రూపమిచ్చే అచ్చును సుత్తి ఊడదీసి చూపించాడు, లోపల గరుకు కాయితంతో రుద్దినట్టు అరిగిపోయింది. అంటే మట్టి మీ బాయిలర్నే కాదు, మా ప్రెస్సునీ తినేస్తోంది.

"కొత్త అచ్చు పోయించాలి, నావల్ల కాదక్కా, తుక్కు కింద అమ్మేస్తాను" అంటున్నాడు మా తమ్ముడు. వానలు దగ్గరపడుతున్నాయి. కుప్ప అంగుళం తగ్గలేదు.

నేను రాను. బస్టాండుకు ఎవరూ రానక్కర్లేదు.

మీ అత్త

*

ఏప్రిల్ 24

అత్తయ్యకు,

ఉత్తరం అందింది. మేము బాగున్నాము. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ ఇష్టం.

కోడలు

*

మే 5

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. అందులో చదవడానికి ఏమీ లేకపోయినా రెండుసార్లు చదివాను. నీకు మాట తక్కువైతే నాకు భయం. గిన్నెలు చప్పుడు చేస్తూ తోమినా సరే, ఇంత నిశ్శబ్దంగా ఉండకు.

నావైపు కబుర్లు చెబుతాను, విను. నూనె పీపా ఒకటి తెచ్చి, దానికి చుట్టూ కన్నాలు పొడిచి, లోపల పొట్టు పోసి తిప్పే జల్లెడ చేశాడు సుత్తి. ఎన్నాళ్ళనుంచో మూలపడ్డ తన సైకిల్ పెడలు తెచ్చి దానికి బిగించాడు. తిప్పితే చాలు, మట్టి కిందికి రాలిపోతుంది, పొట్టు లోపల మిగులుతుంది. మొదటిరోజు రాలిన మట్టి చూసి నాకు సిగ్గేసింది. మొక్క నాటుకోవచ్చు, అంత మట్టి నేను మీ బాయిలర్లోకి పంపాను. పెద్దాయనకు నా తరఫున క్షమించమని చెప్పు, గడ్డపార పట్టించినందుకు.

అచ్చు బాగుచేయించాం. మా తమ్ముడు ఒప్పుకోడని నేను సుత్తిని తీసుకుని నేరుగా లేతు పనివాడి దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడు వస్తున్న కట్టెలు నేల మీద కొడితే ఖణేలుమంటున్నాయి. మిల్లు వంటింటి పొయ్యిలో రోజూ కాల్చి చూస్తున్నాను. మిగిలేది బూడిద, తెల్లగా, మెత్తగా. చిట్టెం లేదు. మా తమ్ముడు రోజుకు నాలుగుసార్లు వచ్చి బూడిదలో వేలు పెట్టి పోతున్నాడు. ఇంకా 'చెప్పానా' అనలేదు.

ఈ రెండు వారాలూ నిద్ర సరిగ్గా లేదు, ఆకలి మాత్రం బాగా వేస్తోంది. ఏమిటో, వయసు వెనక్కి నడుస్తున్నట్టుంది. రేపు లారీ వస్తుంది. ఈసారి పది బస్తాలు. మీ యజమానికి చెప్పకు, పెద్దాయనకొక్కడికే చెప్పు. కాలాక చెబుదువుగాని.

కోపం తగ్గిందా?

మీ అత్త

*

మే 8

అత్తయ్యా,

ఈ ఉత్తరం మీరు చదువుతారో, మీకు ఎవరైనా చదివి వినిపిస్తారో నాకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం లాండ్రీకి ఫోనొచ్చింది. యజమాని తీశాడు. లైను గరగరలాడుతోందట. రోలరు దగ్గరకు వచ్చి, "మీ అత్తగారు ఎక్కడున్నారు? అక్కడ మిల్లు తగలబడిందట. అక్క కాలింది, అక్క కాలింది అని ఏడుస్తున్నాడమ్మా ఎవరో" అన్నాడు. ఆ తర్వాత లైను తెగింది. ఎన్నిసార్లు తిప్పినా కలవలేదు.

డిపోకు పరుగెత్తాను. మీ అబ్బాయి డ్యూటీ దిగీ దిగకుండానే, అదే యూనిఫారంతో, అదే టిక్కెట్ల సంచీతో మీవైపు బస్సెక్కేశారు. తోటి కండక్టరు ఆ సంచీ వెనక్కి లాక్కున్నాడు.

ఈ ఉదయం మీ ఉత్తరం వచ్చింది. కవరు మీద మీ చేతిరాత చూసి ఒక్క క్షణం ఏమీ జరగలేదనుకున్నాను. ఆకలి బాగా వేస్తోందని రాశారు. వయసు వెనక్కి నడుస్తోందని రాశారు. కోపం తగ్గిందా అని అడిగారు. తేదీ చూస్తే నిప్పంటుకోవడానికి ముందు రాసింది.

తగ్గింది అత్తయ్యా. ఎప్పుడో తగ్గింది. రాయడానికే బిగుసుకుని కూర్చున్నాను. నిన్నటినుంచి ఇంట్లో ఒకచోట నిలవలేకపోతున్నాను. దీపం వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించాను. అన్నం వండి గిన్నె మూత కూడా తియ్యలేదు. ఎవరైనా సరే, ఈ ఉత్తరం తీసినవారు, దయచేసి ఒక్క ముక్క రాయండి. ఆవిడ ఎలా ఉన్నారు?

కోడలు

*

మే 9

అమ్మా,

చెప్పేది మీ అత్తగారు, రాసేది నేను. నన్ను సుత్తి అంటారు. ఆవిడ కుడి అరచెయ్యి కాలింది, కట్టు కట్టారు. మిగతా మనిషి మొత్తం బాగుంది, నోరు మరీ బాగుంది. ఇకనుంచి ఆవిడ మాటలు.

నేను చచ్చాననుకున్నావా? చావలేదు. లారీ చెప్పిన వేళకంటే ముందొచ్చింది. మా తమ్ముడు తొందరపడి, ప్రెస్సులోంచి వచ్చిన కట్టెల్ని చల్లారకుండానే బస్తాల్లో నింపించాడు. (నేను వద్దన్నాను. — సుత్తి) నువ్వు వద్దన్నావు, నిజమే, కానీ వద్దు అని చెప్పడానికి అంతసేపు చెప్పావు కాబట్టి ఎవరూ వినలేదు. పైకి చల్లగా కనబడతాయిగానీ లోపల కణకణమంటూనే ఉంటాయి. బస్తాల్లో కుక్కితే ఊపిరాడక వేడి పెరిగింది. ఇంకా లారీ ఎక్కించకముందే, సాయంత్రానికి పొగ, ఆపైన మంట. మంట గాలికి పొట్టుకుప్పను అందుకుంది. కొండ సగం పోయింది.

ప్రెస్సు పక్కన బస్తాలు ఉన్నాయి. అవి అంటుకుంటే ప్రెస్సు పోతుంది. లాగేశాను. అప్పుడు కాలింది చెయ్యి. (ఆవిడొక్కత్తే లాగింది. మేము మగవాళ్ళం బకెట్లు వెతుకుతున్నాము. — సుత్తి) ప్రెస్సు బాగానే ఉంది.

అసలు విషయం ఇది. మా అబ్బాయి వచ్చాడు. ఒళ్ళంతా చూశాడు, చెయ్యి చూశాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపయ్యాక అన్న మొదటి మాట: "బట్టలు సర్దుకో. నీ కోడలు నిన్ను తీసుకురమ్మంది. తీసుకురాకుండా ఇంటికి రావద్దంది."

కాలిన చేత్తో ఉన్నదాన్ని కూడా లాక్కురమ్మని మనిషిని పంపావా అమ్మాయీ? నేనేమన్నా తప్పిపోయిన గొడ్డునా? నేను రానని చెప్పు, నీ మొగుడికి నువ్వే చెప్పు, నా మాట వినడం లేదు. కుప్పలో మిగిలిన సగం కోసం వానలు ఆగవు. (అమ్మా, ఇక్కడ ఆవిడ ఇంకో నాలుగు మాటలన్నారు, అవి నేను రాయలేదు. — సుత్తి)

మీ అత్త (వేలిముద్ర కూడా వెయ్యలేదు, చెయ్యి బాగాలేక. — సుత్తి)

*

మే 16

అత్తయ్యా,

మీరు బతికి ఉన్నారని తెలిసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఏడ్చి లేచాక ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకూ కోపం వచ్చింది. దాచను, మీరు దాచారా?

మీ అబ్బాయి బస్సెక్కేముందు నేను అన్నది ఇది: "ముందు ఆవిణ్ణి చూడండి. ఏం కావాలో అడగండి. వస్తానంటే తీసుకురండి, రానంటే బలవంతపెట్టకండి." తీసుకురాకుండా ఇంటికి రావద్దని నేననలేదు. ఆ మాట ఆయన సొంతం. అమ్మకు భయపడి పెళ్ళాం పేరు చెప్పారు. ఆయన్ని పక్కన నిలబెట్టి అడగండి, చెవులు ఎర్రబడతాయి.

నా కట్టె ఆరిపోవాలని కోరుకున్నావా అని రాశారు ఆమధ్య. ఆ మాటకు 'మీ ఇష్టం' అని రాసి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. మీకు చెప్పని సంగతొకటి ఉంది. మా యజమాని మార్చిలోనే చెప్పేశాడు: వానలు మొదలయ్యేలోగా సరైన కట్టె దొరక్కపోతే బాయిలరు ఆపేస్తాడు. ఉతుకు ఉంటుంది, ఆవిరి ఇస్త్రీ ఉండదు. మా రోలరు బల్ల మీద పనిచేసే ఆడవాళ్ళందరం ఇంటికే. ఆ జాలీ ముందు నిలబడి, కాలు తల్లీ కాలు అని మొక్కుకున్నదాన్ని నేను. ఆరిపోయినప్పుడు నా పని పోయిందని ఏడవలేదు, మీరు పడ్డ కష్టం బూడిదైనా కాకుండా పోయిందని ఏడ్చాను.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే మీరు నా కోసం ఆ దుమ్ములో ప్రాణం పెట్టేస్తారు. వచ్చేయమని రాసిందీ అందుకే. రాసినకొద్దీ మీరు ఇంకోలా అర్థం చేసుకున్నారు.

నేను కూడా ఒక మాట అడుగుతాను. వీధంతా అడుగుతున్నదే. మీరు ఎందుకు వెళ్ళారు? నేనేం చేశాను? మిమ్మల్ని కాలు కింద పెట్టనిచ్చానా? మా అమ్మను చూసుకున్నట్టు చూసుకున్నాననుకున్నాను. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి, తిట్టండి, పడతాను. తెలియకుండా ఉండటం మాత్రం నావల్ల కావడం లేదు.

మీ కోడలు

*

మే 25

అమ్మాయీ,

కట్టు విప్పారు. అక్షరాలు ఎండ్రకాయ నడిచినట్టున్నాయి, సర్దుకో. ఇది సుత్తికి చెప్పి రాయించే ఉత్తరం కాదు.

వాణ్ణి నిలబెట్టి అడిగాను. చెవులు ఎర్రబడ్డాయి.

నువ్వేమీ తప్పు చెయ్యలేదు. నాకు చెప్పడం చేతకాలేదు, అంతే. హాస్టల్లో నేను లేవకపోతే పొయ్యి వెలిగేది కాదు. నా కేక వినబడకపోతే కూరగాయలు తరిగేవాళ్ళు కాదు. అక్కడ మానేసి ఇంటికొచ్చాను. పొద్దున్నే నేను లేచేసరికి నువ్వు అన్నీ చేసేసి ఉండేదానివి. గిన్నె పట్టుకుంటే "అత్తయ్యా, మీరు కూర్చోండి" అని ప్రేమగా లాక్కునేదానివి. కూర్చునేదాన్ని. కూర్చుని, ఎదురుగోడ చూస్తూ, ఇంక నా పని కూర్చోవడమేనా అనుకునేదాన్ని. నీ ప్రేమకు వంక పెట్టలేను, దాన్ని మోయనూలేకపోయాను. తమ్ముడు పిలవగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాను. అలిగి కాదు. అలిగి ఉంటే నీతో పోట్లాడే వెళ్ళేదాన్ని, నా సంగతి నీకు తెలియదూ?

ఇక లాండ్రీ సంగతి. ఇంత పెద్ద విషయం కడుపులో పెట్టుకుని ఎండిపోతున్నావా? నా కోసం దాచావట! నేను నా సంగతి దాచాను, నువ్వు నీ సంగతి దాచావు, మధ్యలో పోస్టుమాన్ బతికాడు.

వాడు ఇంకా ఇక్కడే ఉన్నాడు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి, కాలిపోయిన షెడ్డుకు రేకులు వేసే పనిలో పడ్డాడు. కట్టెలు ఆరబెట్టడానికి వెదురు అరలు కట్టాడు. ప్రెస్సులోంచి వచ్చినవి వచ్చినట్టు అరల మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మర్నాడు లోపలిదాకా చల్లబడ్డాకే బస్తాలో వేస్తున్నాం. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని కట్టెల్ని కూడా అదిలిస్తున్నాడు. మునిసిపాలిటీ వాళ్ళు మంట విషయం మీద గట్టిగానే అరిచారు. వాడే వాళ్ళకు అరలు చూపించి, మిగిలిన కుప్ప కట్టెలుగా వెళ్ళిపోతుందని ఒప్పించి, గడువు తెచ్చాడు. మా తమ్ముడు ప్రెస్సును అమ్ముతాననడం మానేశాడు. రాత్రి దానికి గోనెపట్టా తనే కప్పుతున్నాడు.

వచ్చే వారం లారీలో వాడే లోడుతో బయల్దేరుతున్నాడు. ఇరవై బస్తాలు. అన్నీ నా చేత్తో తట్టి చూశాను, ఎడమచేత్తో. ఇవీ చిట్టెం కడితే చెప్పు. ఇంకేదైనా ఆలోచిస్తాను. మీ రోలరు ఆగకూడదు.

ఆకాశం రోజూ మబ్బు పడుతోంది. ఒళ్ళు నిలవడం లేదు.

మీ అత్త

*

జూన్ 3

అత్తయ్యకు,

మీ అబ్బాయి నిన్న నల్లగా, సన్నగా, చేతులనిండా గీతలతో దిగారు. లారీ మీదినుంచి బస్తాలు దించుతూ పెద్దాయనతో, "మా అమ్మ చేసినవి, జాగ్రత్త" అన్నారు. తర్వాత నన్ను చూసి తల గోక్కున్నారు. తిట్టడం రేపటికి వాయిదా వేశాను.

ఈ ఉదయం పెద్దాయన పచ్చి కట్టెలన్నీ పక్కకు నెట్టేసి మీవి మాత్రమే వేశాడు. నేను రోలరు దగ్గర ఉన్నానన్న మాటేగానీ చెవులు బాయిలరు గది వైపే. ఆవిరి మీటరు ముల్లు పైకెక్కింది. భోజనాల వేళ వచ్చింది, ముల్లు దిగలేదు. బయట వాన మొదలైంది, ఈ ఏటి మొదటి వాన. అందరం పని చేస్తూనే ఉన్నాం, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తితే ఏమవుతుందో అని. దుప్పట్లు పొడిగా, వేడిగా వస్తూనే ఉన్నాయి. సాయంత్రం హోటలు బండి వచ్చేసరికి మూటలు కట్టి సిద్ధంగా ఉన్నాయి.

మంట తగ్గించాక పెద్దాయన కేకేశాడు. "రామ్మా, నువ్వే చూడు." యజమాని కూడా వచ్చాడు. తలుపు తీసి, పొడుగాటి ఊచతో జాలీ మీద గీశాడు. గరగరలాడలేదు. బూడిద జలజలా కిందికి రాలింది. ఊచ ఒక చివరనుంచి ఇంకో చివరకు అడ్డం లేకుండా పోయింది. పెద్దాయన అదే పని మళ్ళీ చేసి, "శుభ్రం" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఇస్త్రీవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకావిడ నా భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది.

యజమాని గొంతు సవరించుకున్నాడు.

"ఇవెవరు చేస్తున్నారమ్మా?"

"మా అత్తగారండి."

"మీ ఇంట్లోనే ఉంటారా ఆవిడ?"

ఈ మూడు నెలల్లో ఈ ప్రశ్న ఎవరడిగినా నీళ్ళు నమిలాను అత్తయ్యా. ఇవాళ నమల్లేదు.

"లేదండీ. ఆవిడ ఉద్యోగం వేరే ఊళ్ళో."

వారానికొక లోడు కావాలన్నాడు. వానాకాలమంతా. బాయిలరు ఆపే మాట ఇక లేదు. కానీ ఒక షరతు పెట్టాడు. వానల్లో కట్టె తడిస్తే పనికిరాదు, మట్టి వస్తే అసలు పనికిరాదు, కాబట్టి ప్రతి లోడూ ఎక్కించేముందు మన మనిషి ఒకరు అక్కడుండి చూసి తీరాలి అన్నాడు. ఎవరు వెళ్తారని అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే చెయ్యెత్తాను. "ఇస్త్రీ పనో?" అన్నాడు. "నా బల్ల మీదవాళ్ళు సర్దుకుంటారండి" అన్నాను. వాళ్ళు నాకంటే ముందు తలలూపారు.

ఇంటికొచ్చి మీ అబ్బాయికి చెబితే నోరు తెరిచారు. "నువ్వు కూడానా? ఇద్దరూ వెళ్ళిపోతే ఇంట్లో ఎవరుంటారు?" అన్నారు. "మీరు" అన్నాను.

సోమవారం ఖాళీ లారీ మీవైపు బయల్దేరుతుంది. డ్రైవరు పక్క సీట్లో నేనుంటాను. ఎదురుచూస్తూ నిలబడకండి, మీ పని మీరు చేసుకోండి. వచ్చి నేరుగా అరల దగ్గరికే వస్తాను. ఒక్కొక్క కట్టే విరిచి చూస్తాను.

ముందే చెబుతున్నాను. ఒక్కటి పచ్చిగా కనబడినా బస్తా మొత్తం దింపించేస్తాను. అత్తగారని చూడను.

మీ కోడలు